చివరి వరుస

"త్వరగా కానివ్వండి డాక్టరుగారూ, రేపటికి గాలి మారుతుందట," అంటూ ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కాలు ఒక్కచోట నిలవడం లేదు.

"అంత పెద్ద సముద్రం ఇంకో పావుగంట ఆగలేదా?" అన్నాడు డాక్టరు.

"సముద్రం ఆగుతుంది. నేనే ఆగలేను."

ముప్పై ఏళ్ళ క్రితం చిన్న విమానంలో ఒంటరిగా ఆ సముద్రాన్ని దాటిన మొదటి మనిషి ఆమె. తర్వాత అదే సముద్రాన్ని తెరచాప పడవలో దాటింది, అప్పుడూ ఒంటరిగానే. ఇప్పుడు అరవయ్యో ఏట భూమినే చుట్టి వస్తానంటోంది. పడవ రేవులో సిద్ధంగా ఉంది. కంటి పరీక్ష కాగితం మీద సంతకం లేనిదే రేవు అధికారి తాడు విప్పనివ్వడు.

విమానాలు నడిపిన రోజుల నుంచీ ఆరు నెలలకోసారి ఆమెకు పరీక్ష ఈ గదిలోనే, ఈ డాక్టరు దగ్గరే.

చెల్లెలు తలుపు తోసి తొంగిచూసింది. "అయిందా అక్కా? బావ నాలుగుసార్లు ఫోన్ చేశాడు."

"సంచులన్నీ పడవలో పడేయమను. నువ్వు తలుపు వెయ్యి."

"మా అక్కని మీరైనా ఆపండి డాక్టరుగారూ," అని గొణుక్కుంటూ చెల్లెలు తలుపు వేసింది.

"నడిసముద్రంలో ఒక్కదానివే... భయం వెయ్యదూ?" అన్నాడు డాక్టరు.

"అక్కడ దేవుడికీ నాకూ మధ్య ఎవరూ అడ్డురారు. అంతా ఆయనే చూసుకుంటాడు."

"నేనూ రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణే. కానీ మనం చూసుకోవాల్సింది కూడా ఆయన మీదే వేయడం న్యాయమంటావా?"

"మీ వేదాంతం తర్వాత. చదవమంటారా, వద్దా?"

డాక్టరు కాగితం ముందుకు లాక్కున్నాడు. "కుడి కన్ను మూసుకుని కింది వరుస చదువు."

ఆమె అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. "ట, గ, న, ర, ల, ప."

"ఇప్పుడు రెండో కన్ను మూసుకుని చదువు."

"ట, గ, న, ర, ల, ప. చాలా? ఇంకోసారి పాట కట్టి పాడమంటారా?"

డాక్టరు నవ్వలేదు. కలం మూత తీసి, కాగితం దాకా తెచ్చి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"పెట్టేశారా సంతకం?" ఆమె చెయ్యి చాచింది.

"పెట్టలేనమ్మా. పడవ విప్పొద్దు."

ఆమె చివ్వున లేచింది. "ఎందుకని? ఒక్క అక్షరమైనా తప్పు చదివానా?"

"ఒక్కటీ తప్పు లేదు," అన్నాడు తలవంచుకుని.

గోడ మీది అక్షరాల బోర్డును అతను పొద్దున్నే తీసేశాడు.