అయిదుకి అయిదు

"చెప్పులు అక్కడ ఇడువు. నువ్వు గూడ అక్కడ్నే ఉండు" అంది రజని.

గుమ్మంలో నిలబడినామె నడివయసు మనిషి. చేతిలో తడిసిన గొడుగు. షెడ్డు లోపలికి తొంగిచూసి, ముందుగా కప్పు వంక చూసింది.

"నా పేరు ఏసమ్మ. వనపర్తి నుంచొచ్చిన. ఇయ్యాల సారొస్తుండంట గద, మీ సంతోషం కొలవనీకి."

గద్వాలలో ఆడవాళ్ల మగ్గాల షెడ్డుకి రజని పెద్ద. షెడ్డు అద్దె, పట్టు, నూలు అన్నీ హైదరాబాదులోని ఒక సంస్థ ఇస్తుంది. ఆ సంస్థ పంపిన సారు ఇవాళ ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతాడు. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు చెప్పాలి. మార్కులు తగ్గితే షెడ్డు మూస్తారని, అందరూ మళ్లీ సావుకారి మగ్గం మీదికే పోవాల్సొస్తుందని రజని భయం.

అందుకే వారం నుంచి అందరికీ ఒకటే పాఠం. ఏమడిగినా అయిదు.

"మీవోళ్లు ఏం చెప్తరు?" అడిగింది ఏసమ్మ.

"అయిదు."

"కప్పు కురుస్తున్నది గద."

"సారొచ్చే యాళ్లకు ఆగుతది."

"వాన నీ మాట ఇంటదా?"

మగ్గం మీదున్న బాలమణి నవ్వింది. రజని చూపు తగలగానే, తెగని పోగు ఒకటి వెతుక్కుంది.

ఏసమ్మ చెప్పులు విడిచి లోపలికే వచ్చింది. "ఇనుండ్రమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. కప్పు కురుస్తదని, పట్టు లేటుగ వస్తదని, పాయఖాన లేదని. రెండంటే రెండు, ఒకటంటే ఒకటి."

"గదెట్లమ్మా" అంది బాలమణి. "వచ్చినాయన బాగున్నరా అనడిగితే, బాగలేమంటమా? మర్యాదనా అది?"

"ఆయన చుట్టమోలె పలకరించనీకి వస్తలేడు బిడ్డా. మనం మర్యాదకన్నది ఆయన రాసుకపోతడు."

రజనికి ఒళ్లు మండింది. "నిన్నెవరు తోలిన్రు? సావుకారా?"

"నన్ను తోలేటోళ్లు ఇంకా పుట్టలె."

"పుట్టేదాంక బయట నిలబడు."

రజని ఆమెను రెక్క పట్టుకొని గేటు దాటించింది. ఏసమ్మ గొడుగు విప్పుకొని అక్కడే నిలబడింది. "రెండు చెప్పుండ్రి" అని అరుస్తూనే ఉంది. రజని లోపలికొచ్చి రేడియో గట్టిగా పెట్టింది.

సారు వచ్చాడు. పేరు వంశీధర్. ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచాడు.

"మీ పనిలో మీకు సంతోషం ఉందా అమ్మా?"

"అయిదు" అంది బాలమణి.

"మార్కులు నేనింకా అడగలేదు."

"ఎప్పుడడిగినా గదే సార్."

"మీరు పనిచేసే చోటు ఎలా ఉంది?"

"అయిదు" అంది పక్క మగ్గం కౌసర్. ఆమె వెనక దాచిన బకెట్లో టప్‌మని చుక్క పడింది.

"ఏంటా చప్పుడు?"

"గడియారం సార్."

సారు గోడ వంక చూశాడు. గోడకి గడియారం లేదు. ఆయనా మర్యాదస్తుడే, మళ్లీ అడగలేదు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. సభ్యులందరూ అన్ని విషయాల్లోనూ సంపూర్ణ సంతృప్తితో ఉన్నారని తేలినందున, ఇకపై వారికి తమ సహాయం అవసరం లేదని సంస్థ సంతోషంగా తెలియజేసింది.

రజని చదివింది. రజని తప్పు చదివిందేమోనని కౌసర్ కూడా చదివింది.

"సంతోషం ఎక్కువైందని మూస్తున్నరా?" అంది బాలమణి.

"వనపర్తామె మొత్తుకున్నది గిదే" అంది కౌసర్. "ఆమెకెట్ల ఎరుక?"

రజని గేటు వంక చూసింది.

నాగర్‌కర్నూల్లో అదే సంస్థ కుట్టు సెంటర్ నడుపుతోంది. సారు బేస్తవారం అక్కడికి పోతున్నాడని తెలిసింది. ఆ పొద్దున రజని, బాలమణి బస్సెక్కారు.

"సావుకారి పనికి రమ్మని కబురు పెట్టిండు" అంది బాలమణి.

"ఏమన్నవ్?"

"ఇయ్యాల నాకు వేరే పనుందని చెప్పిన."

కుట్టు సెంటర్ గేటు దగ్గర ఏసమ్మ ఉంటుందేమోనని రజని అటూ ఇటూ చూసింది. లేదు. ఆ సెంటర్ చూసుకునే మేడమ్ మాత్రం ఉంది, తలుపుకి అడ్డంగా. లోపల్నుంచి ఒక్కో గొంతూ "అయిదు" అంటోంది.

బాలమణి మేడమ్‌తో వాదం పెట్టుకోలేదు. పక్కకి పోయి కిటికీ చువ్వలు పట్టుకుంది.

"అక్కా, అయిదన్నందుకే మా షెడ్డుకు తాళం పడ్డది. మీ మిషన్లు మీకుండాల్నంటే, ఏం బాగలేదో గది చెప్పుండ్రి."

లోపల మిషన్లు ఆగాయి.

"సూదులు ఇస్తలేరు" అంది ఎవరో, మెల్లగా.

"పిల్లల్ని పండబెట్టనీకి జాగ లేదు" అంది ఇంకొకామె, కొంచెం గట్టిగా.

"దినాం పోయే కరెంటు మాటనో?" అంది మూడో గొంతు. అది వీధి చివరిదాకా వినపడింది.

సారు బయటికొచ్చాడు. "మీరు గద్వాల వాళ్లు కదా. మీకు అన్నీ బాగున్నాయన్నారు."

"అవ్ సార్, అట్లన్నం" అంది రజని. "కొత్తోళ్లకు మేం గట్లనే చెప్తం. మాతోటి ఒక్కపూట కూసొని తింటే, అడగకముందే అన్నీ ఏకరువు పెడుతుంటిమి."

మేడమ్ ఆమె చెయ్యి పట్టి లాగింది. రజని కదల్లేదు.

సారు చేతిలోని కాగితాలు మడిచాడు.

"మీకిది ఏసమ్మగారు చెప్పారా?"

"ఆమె మీకెట్ల తెలుసు?" అంది రజని.

"పోయినేడు మూసేసిన మా వనపర్తి సెంటర్‌కి మేడమ్ ఆవిడే, అందరితో అయిదు చెప్పించింది తనేనని ఆఫీసుకొచ్చి మొత్తుకుంటే, మేమే నమ్మలేదు."