రెండో ఆవిడ

మా అమ్మాయి యామిలెత్ పోలీసు కొలువులోంచి రిటైరయ్యే రోజున రాజధాని బొగొతాలో సభ పెట్టారు. స్పీకర్లలో మరింబా పాట మోగించారు, అదే, పుల్లలతో కొట్టే చెక్కపలకల వాయిద్యం. మా కిబ్దో ఊరి వాళ్లది క్లారినెట్. మరింబా ఎక్కడో మా దేశపు దక్షిణ కొసన ఉండే నల్లవాళ్లది. నల్లవాళ్లంటే అందరూ ఒకటే కదా ఈ దొరలకి!

దానికి ప్రమోషన్ వచ్చినప్పుడల్లా భుజం మీద నక్షత్రం గుచ్చింది నేనే. ఆ ముచ్చట తల్లిదే. గుచ్చినప్పుడల్లా అదే ఉపన్యాసం: మొదటి నల్ల లెఫ్టినెంటమ్మ, మొదటి నల్ల కెప్టెనమ్మ. నేనూ చేతులు మండేలా చప్పట్లు కొట్టాను, పిచ్చిదాన్ని.

ఈసారి జనరల్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "మన మొదటి నల్లజాతి మహిళా కర్నల్! తన వాళ్లందరికీ తలుపులు తెరిచిన వీరవనిత!"

నేను లేచి నిలబడ్డాను. "సంతోషం నాయనా. మరి రెండో ఆవిడేదీ?"

"అమ్మా, కూర్చోవే," అంది యామిలెత్, నవ్వు ఆపుకుంటూ.

జనరల్ వరుస వరుసా వెతికాడు. అన్నీ తెల్ల మొహాలే. చిట్టచివర తలుపు దగ్గర మా రంగు మనిషొకావిడ కనబడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"అదిగో! రామ్మా, ముందుకు రా!"

ఆవిడ కాఫీ పళ్లెం పట్టుకుని గబగబా వచ్చింది.

"చక్కెర ఎంత వెయ్యమంటారు సార్?"