ముప్పై ఐదో వంతు

ఎడమ చైను మళ్ళీ తెగింది.

అంజన్న పట్టకారును బల్ల మీద విసిరికొట్టాడు. చిటికెన వేలి గోరులో సగం కూడా లేని ప్లాస్టిక్ లింకులవి. ఒక్కొక్కదాన్నీ గమ్ముతో అతికించి, చక్రాల చుట్టూ తిప్పి, చివరి లింకు కలిపే సమయానికి నడుమ ఎక్కడో పుటుక్కుమనడం ఇది మూడోసారి. రెండు లింకులు ఎగిరి మంచం కిందికి పోయాయి. యాభై నాలుగేళ్ళ మనిషి మోకాళ్ళ మీద వంగి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని వాటికోసం దేవులాడాడు.

"గా ట్యాంకుతోటి నీకు బీపీ పెరుగుడు తప్ప ఏం లేదు," అంది భార్య నాగరాణి, చేటలో బియ్యం ఏరుకుంటూ.

"ట్యాంకు గాదని ఎన్నిసార్లు జెప్పాలె? బీఎంపీ."

ఈ మాట చెప్పి చెప్పి అతని నోరు నొప్పి పుట్టింది. సూర్యాపేటలో ఆ గదిలోకి ఎవరొచ్చినా ట్యాంకే అంటారు. ఒకాయనైతే వరికోత మిషనా అన్నాడు. పైన తుపాకి ఉన్న మాట నిజమే కాని, అది జవాన్లను కడుపులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళే ఉక్కు బండి. సైన్యంలో పదహారేళ్ళు దాన్ని నడిపినవాడు అంజన్న. ఇప్పుడు దాన్నే ముప్పై ఐదో వంతుకు కుదించి బొమ్మగా చేయడానికి మూడు నెలలుగా కిందామీదా పడుతున్నాడు.

ఏదీ ఒక పట్టాన కుదరలేదు. విడిభాగాల కిట్టు విదేశానిది. డబ్బాలోని బండికీ అతను నడిపిన బండికీ పది తేడాలు. పక్కన ఉండాల్సిన సామాన్ల పెట్టె లేదు. పాత టూత్‌పేస్టు డబ్బా కత్తిరించి చేశాడు. లైట్ల మీది జాలీ మరీ లావుగా ఉంటే గీకి పారేసి, రాగి తీగతో అల్లాడు. రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కోదాడలో బండ్లకు రంగులు కలిపే సునీల్‌కు ఫోన్ చేసి, ముదురు ఆకుపచ్చలో కొంచెం మట్టి కలిసినట్టుండాలని గంట సేపు వివరించాడు. వచ్చిన సీసా మూత తీస్తే చిలకపచ్చ. మళ్ళీ ఫోన్ చేస్తే, అది ఆరితే ముదురుతుందండీ అన్నాడు సునీల్. ఆరింది. ఇంకా లేతబడింది.

ఆ రోజు మధ్యాహ్నమే పద్మ వస్తోంది. అతని కంగారంతా అందుకే.

పద్మ గోప్యా భార్య. గోప్యా అదే బండిలో తుపాకి పేల్చే గన్నర్. పదకొండేళ్ళ కింద, ఎడారిలో ఫైరింగ్ ప్రాక్టీసు జరుగుతుండగా బండికి నిప్పంటుకుంది. గోప్యా దక్కలేదు. వాళ్ళది దామరచర్ల దగ్గరి తండా. ఆమె ఇప్పుడు మిర్యాలగూడలో ఒక బడిలో అటెండర్. నాయిన కూర్చున్న బండి ఎట్లుంటుందని బిడ్డ అడుగుతోందని, ఫొటోలో ఏమీ తెలుస్తలేదని ఆమె ఫోన్‌లో అంది. నేను చేసిస్తా చెల్లె, అనేశాడు అంజన్న.

ఇప్పుడు ఎడమ చైను లేని బండిని ఆమె చేతిలో పెట్టాలా? పాత చార్జరు వైరు కోసి, లోపలి సన్నని తీగ లాగి, లింకుల అడుగున ఆ చివరి నుంచి ఈ చివరికి అతికించాడు. ఊపిరి బిగబట్టి చక్రాల మీదికి ఎక్కించాడు. నిలిచింది. ఇటుక పొడిలో పౌడరు కలిపి దుమ్ములా చైన్ల మీద అద్దుతుండగానే వాకిట్లో ఆటో ఆగింది.

పద్మ మంచినీళ్ళు తాగి, బల్ల ముందు కూర్చుంది. తల వంచి ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది, వెనక తలుపులు చూసింది. ముట్టుకోవచ్చు అన్నాడు అంజన్న. వేలి కొసతో తుపాకి గొట్టం తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడు నెలల చిరాకు అతని ఒంట్లోంచి దిగిపోయినట్టయింది. కొత్త జవాన్లకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటీ చూపించాడు. నీళ్ళలో దిగేటప్పుడు లేచే రేకు, పొగ గుండ్లు పేల్చే గొట్టాలు, బండి నంబరు. ఎక్కేందుకూ దిగేందుకూ ఎవరి మూత వాళ్ళకు ఉంటుందని కూడా చెప్పాడు.

నాగరాణి చాయ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అన్నా," అంది పద్మ. "మా తండకు వచ్చిన ఆఫీసరు సెప్పిండు. మంటలల్ల నువ్వే మీదికెక్కి, మూత తీసి, ఆయన్ని బయటికి గుంజినవట. నీ చేతులల్లనే పానం పోయిందట. నేను ఇన్నేండ్లు గదే అనుకుంట బతికిన, ఆఖరికి మనిషి తోడు దొరికింది గదా అని. బిడ్డకు గూడ గదే సెప్పిన. దానికి సూపియ్యాలె. గుంజింది ఏ మూతల నుంచి?"

అంజన్న వేలు తుపాకి పక్కనున్న మూత దాకా వెళ్ళింది. దాని మీద వాలలేదు. అట్లాగే గాలిలో నిలబడింది. చాయ మీద మీగడ కట్టింది. వేలు మెల్లగా కిందికి దిగి, బండి ముందు భాగంలో ఎడమవైపున్న చిన్న మూత మీద ఆగింది.

"గిది నా మూత. ఆ దినం దీంట్లకెళ్ళే దుంకి ఉరికిన," అన్నాడు. "గోప్యా మూత దాకా నేను పోనేలేదు, చెల్లె."