మధ్యలో మర్యాద

“సెలవని చెప్పాక కూడా ఇంతమంది ఎందుకొచ్చారండీ?” పళ్ళ డాక్టరు ఆసుపత్రి మెట్ల మీదే ఆగిపోయాడు. వరండా నిండా నలభై మంది దవడలు పట్టుకుని కూర్చున్నారు.

“మీరే రమ్మన్నారుగా!” ముందు కుర్చీలోని రిటైర్డు జడ్జి ఫోను చూపించాడు. ‘రేపు ఆసుపత్రికి సెలవు. దయచేసి రండి.’ “సెలవు పూట కూడా ఇంత ఆప్యాయంగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాం?”

డాక్టరు లోపలికి వెళ్ళి, ప్రోగ్రాములు రాసే అమ్మాయిని ఫోను చేసి రప్పించాడు.

“నేను పంపమన్నది ‘రాకు’ అని కదమ్మా?”

“పాత ప్రోగ్రాముకు ‘నువ్వు’ తప్ప రాదు సార్. కొత్త మెసేజ్ సర్వీసేమో ‘మీరు’ అంటేనే తీసుకుంటుంది. పాతదాన్ని ముట్టుకోవద్దన్నారుగా! అందుకని రెంటికీ మధ్య ఒక అడాప్టర్ రాశాను. మూడు కాళ్ళ ప్లగ్గు రెండు కన్నాల్లో దూరకపోతే మధ్యలో ఒకటి తగిలిస్తాం చూడండి, అలాంటిది. ఇటు నుంచి ‘రా’ వస్తే అటు ‘దయచేసి రండి’ అని పంపుతుంది.”

“మరి ‘రాకు’ వస్తే?”

“మొదటి అక్షరమే చూసింది సార్.”

“అంటే దానికి మర్యాద వచ్చుగానీ వద్దనడం రాదన్నమాట!”

“పది నిమిషాల్లో సరిచేస్తాను. ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి సార్. చేరి నెల కూడా కాలేదు.”

“ఆ కంప్యూటర్ మీద ఇంకోసారి చెయ్యి వేశావంటే ఊరుకోను. ఇంటికి వెళ్ళు. ఏ సంగతీ సాయంత్రం మెసేజ్ పెట్టిస్తాను.”

వచ్చినవాళ్ళను తిప్పి పంపడానికి ఆయనకు నోరు రాలేదు. చివరి పన్ను పీకేసరికి ఆరయింది. నడుము పట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు.

“ఆ అమ్మాయికి ‘రేపటి నుంచి రాకు’ అని పంపు. నేను మొహం మీద చెప్పలేను.”

“పాపం, చిన్నపిల్ల డాక్టరుగారూ,” అంది కౌంటర్లోని పెద్దామె.

“ఒక్క అక్షరం మార్చావంటే నువ్వూ ఇంటికే!”

ఆమె కళ్ళజోడు పైకి జరుపుకుని, కంప్యూటర్ వైపు ఒక్క క్షణం చూసింది. “అయ్యో, నేనెందుకు మారుస్తానండీ,” అని, చెప్పింది చెప్పినట్టే కొట్టి పంపింది.

అక్కడ, కంచం ముందు ముద్ద దిగక కూర్చున్న అమ్మాయి ఫోను మోగింది. చూసే ధైర్యం లేక వాళ్ళమ్మకు ఇచ్చింది. ఆవిడ కూడబలుక్కుని పైకి చదివింది:

“రేపటి నుంచి దయచేసి రండి.”