అద్దాలు తీసిన గంట

వసుమతి దోసె తిరగేస్తుండగా ఆమె పాఠాలు చెప్పే కాలేజీ నుంచి కబురొచ్చింది. రేపు చిత్రకళా విమర్శ తరగతిలో ఒక్క గంటపాటు పిల్లల కళ్లద్దాలు తీయించవచ్చు! అట్లకాడ పట్టుకునే గంతేసింది.

ఎవరికి నచ్చేట్టు వాళ్లకు బొమ్మల్ని మార్చి చూపే ఆ అద్దాలు అందరి కళ్లకూ వచ్చి ఇరవై ఏళ్లయింది. నచ్చని బొమ్మంటూ చూడని పిల్లలకు విమర్శ ఎలా నేర్పాలి? ఈ గంటా వృథా అయితే కోర్సు మూసేస్తారు.

"నేను గీసిన బొమ్మ పట్టుకెళ్లు," అంటూ తారకేశ్ సిగ్గుపడుతూ ఒక కాగితం తీశాడు. పెళ్లయిన ఈ నెల రోజులూ ఆమెకు తెలియకుండా గీసిన ఆమె బొమ్మ.

అద్దాల్లోంచి అద్భుతంగా ఉంది. అద్దాలు తీసి చూసింది. కొత్త మొగుణ్ణి నొప్పించడమా, అబద్ధమాడడమా?

"బాగోలేదు," అంది మెల్లగా. "మెడ మరీ పొడుగు."

అతను మూతి ముడిచాడు. "నేనొచ్చే వేళకి బాల్కనీలోంచి తొంగిచూస్తావే, అప్పుడు అంతే ఉంటుంది. నీకేం తెలుసు?"

ఆమె మళ్లీ చూసింది. నిజమే, ఆ మెడ నిండా ఎదురుచూపే.

"అయినా చెవులు ఘోరం!"

"చెవులు ఒప్పుకుంటాలే, మేడమ్ గారూ."

ఇద్దరూ పకపకా నవ్వారు.

"రేపు పిల్లలకి ఇదే చూపిస్తా. నువ్వూ రా. వాళ్లు తిడుతుంటే ఎదురు వాదించడానికి ఒకడుండాలి."