వరస చివరి ఇటుక

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించి, సరిచేసుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నాకు నెల పట్టింది. ఇందులో నన్ను ‘నేను’ అనకుండా పేరు పెట్టే రాసుకున్నాను.

“సున్నా అంటే సున్నాయే మామ్మా. నేనే వెళ్లి చూసొచ్చాను,” అన్నాడు సంజీవరావు, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

శౌరమ్మ కదల్లేదు. ఒళ్లో బరువైన సంచి, దాని మీద కొంగు, కొంగు కింద కుడిచెయ్యి. భవానీపురం నుంచి రెండు ఆటోలు మారి పటమటలో ఉన్న ఈ ఆఫీసుకి వచ్చింది. వలస వచ్చిన కూలీల పిల్లల్ని గుర్తించి, వాళ్లున్న చోటే బడి పెట్టించడం సంజీవరావు ఉద్యోగం. ఆ లిస్టు ఇవాళ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. అందులో కృష్ణ ఒడ్డు ఇటుక బట్టీ పేరుకి ఎదురుగా సున్నా ఉంటే ఈ ఏడాదీ అక్కడ బడి ఉండదు.

ఆమెకి గేటు దగ్గరే అరగంట పోయింది. కొత్త గేటు కోసం ఆఫీసు ప్రహరీ పడగొడుతున్నారు. అడుగు వేద్దామంటే చోటు లేకుండా ఇటుకలు. వాచ్‌మన్ పుల్లయ్య దారి చూపించాడు. తను పుట్టిన ఏడాది కట్టిన గోడట అది, యాభై నాలుగేళ్లు. తన నడుం వంగింది గాని గోడ వంగలేదని నవ్వాడు. శౌరమ్మ ఆ ఇటుకల మధ్య ఆగి ఆగి, వంగి చూసుకుంటూ నడిచి వచ్చింది.

“బట్టీకి ఎన్నింటికి వెళ్లారు బాబూ?”

“పదకొండింటికి.”

“ఎవర్ని అడిగారు?”

“ఓనరు గారిని. మైకులో కూడా చెప్పించాను, బడికి పోని పిల్లలుంటే రండని. ఒక్కరూ రాలేదు.”

శౌరమ్మకి ఒళ్లు మండింది. రోజూ తెల్లారేసరికి ఆ బట్టీకి ఇడ్లీలు పట్టుకెళ్లి అమ్మేది ఆమె. అక్కడ పని కోడి కూయకముందే మొదలై ఎండెక్కేలోపు అయిపోతుంది. పదకొండింటికి పిల్లలు గుడిసెల్లో ఒళ్లెరక్క నిద్రపోతుంటారు. మెలకువగా ఉన్నా, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకి తెలుగు మైకు ఏం అర్థమవుతుంది? పిల్లలున్నారని ఒప్పుకుంటే కేసు పడుతుందని ఓనరుకి తెలియదా? ఇవన్నీ చెప్పి, ఎడం చేత్తో ఒక నోటుబుక్కు కాగితం ముందుకు తోసింది. ఇరవై రెండు పేర్లు. వంకర గీతల్లో ఆమె రాసినవే.

సంజీవరావు చూసి పక్కన పెట్టాడు. ఆధార్ నంబర్లు లేవు, టీసీలు లేవు. రేపు పై నుంచి తనిఖీకి వస్తే, ఇడ్లీలమ్మే మామ్మ చెప్పిందని రాసుకోమంటావా అని అడిగాడు.

“మేస్త్రీకి ఆధార్ అక్కర్లేదు బాబూ,” అంది శౌరమ్మ. సంచిలోంచి ఒక ఇటుక పైకి లాగి ఫైళ్ల మీద పెట్టింది. తెల్లటి సున్నం పొడి బల్ల మీద రాలింది. సంజీవరావు చిరాగ్గా దులిపాడు. దులిపిన చెయ్యి అక్కడే ఆగింది.

ఇటుక మీద చిన్న అరచెయ్యి దిగి ఉంది.

“ఏంటిది?”

“లెక్క. నాన్న మట్టి కొడితే, అచ్చు తిరగేసి వరస పేర్చేది పిల్లలే. వరస పూర్తయ్యాక చివరి ఇటుక మీద చెయ్యి అద్దాలి. అది చూసి ఆ వరస ఎవరిదో మేస్త్రీ చెప్పేస్తాడు. ఇటుకలు లెక్కపెట్టుకోడానికి వాళ్లకి పిల్లలు కనపడతారు. పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మీకే కనపడరు.”

సంజీవరావు తన అరచేతిని ఆ గుర్తు పక్కన పెట్టి చూసుకున్నాడు.

“మా సంయుక్త చెయ్యి ఇంతే ఉంటుంది. తొమ్మిదేళ్లు,” అన్నాడు గొంతు తగ్గించి. “చిటికెన వేలు సగమే ఉందేంటి? సరిగ్గా అద్దలేదా?”

“సరిగ్గానే అద్దింది. వేలే అంత ఉంది. అచ్చు కింద నలిగింది. ఆసుపత్రికి పోతే పని పోతుందని పసుపు పెట్టి గుడ్డ చుట్టారు. మర్నాడు మళ్లీ వరసలోనే ఉంది.”

సంజీవరావు కుర్చీ వెనక్కి జరిగింది.

“ఇంత జరిగితే ముందే చెప్పద్దూ మామ్మా?”

“ఇరవై రెండు మంది ఉన్నారని ముందే చెప్పాను బాబూ. వేలు తెగితే గాని పిల్లల లెక్కలోకి రారని నాకు తెలియదు.”

అతను కంప్యూటర్ వైపు తిరిగాడు. సున్నా తీసేసి ఇరవై రెండు కొట్టాడు. ఆధార్ గడిలో ‘తర్వాత’ అని పెట్టాడు. ఒడియా వచ్చిన టీచరు ఒకరు కావాలని ఎవరికో ఫోన్ చేశాడు. రేపు పొద్దున్న అయిదింటికల్లా జీపు బట్టీ దగ్గర ఉండాలని డ్రైవరుకి చెప్పాడు. లిస్టు వెళ్లిపోయిందని అతనన్నా శౌరమ్మ లేవలేదు. దాన్ని కాగితం మీద ప్రింటు తీయించుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఇరవై రెండు పేర్లూ చదివాకే ఊపిరి పీల్చుకుంది. గడియారంలో అయిదుకి పది నిమిషాలు తక్కువ.

“ఈ వేలు పోయిన పిల్ల సంగతి విడిగా రాయాలి,” అంటూ సంజీవరావు ఇంకో ఫారం తీశాడు. “అసలు బడి మొహం చూసిందా?”

“రాసుకోడానికి వచ్చినాయన పదకొండింటికి వచ్చి పోయాడు.”

అతను తల వంచుకున్నాడు. పెన్ను మూత తీశాడు.

“పేరు చెప్పు మామ్మా. వయసు, ఇప్పుడు ఉంటున్న చోటు కూడా.”

శౌరమ్మ కొంగు కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి ఇటుక పక్కన పెట్టింది. చిటికెన వేలు సగమే ఉంది.

“కలపాల శౌరమ్మ, అరవై మూడు, భవానీపురం.”