వంతెన దాకా వినిపించే సైలెన్సర్

మా ఆయనకి ముప్పై ఏళ్లనాటి స్పోర్ట్స్ సెడాన్ ఒకటుంది. నెలకో భాగం విప్పి కొత్తది బిగిస్తారు. ఈమధ్య పెట్టిన సైలెన్సర్ మోతకి వంతెన అవతలి కుక్కలు కూడా మొరుగుతాయి.

ఆ మోత వినగానే అత్తయ్య పడకెక్కి, లేని మోకాళ్లనొప్పితో మూలుగుతుంది. నయమైందంటే నగోయాలో పెద్దకొడుకు ఇంటికి వెళ్లిపోవాలి మరి. ఆవిడ వెళితే నాతో నవ్వేవాళ్లు లేరు.

నిన్న, బండి తనిఖీ కోసం ఆయన పాత సైలెన్సర్ బిగించారు. సడి లేకుండా వచ్చి గేటు తీసేసరికి, అత్తయ్య నాకు తాడాట నేర్పుతూ గాల్లో ఉంది.

"దొంగలా వస్తావేంరా, షిగెకీ!" అంటూ మోకాళ్లు పట్టుకుని కూలబడింది.

"తప్పయిందమ్మా, రేపు తనిఖీ అవగానే మోతది మళ్లీ పెట్టేస్తాను," అన్నారాయన. "నువ్వు పడకెక్కే వ్యవధి ఉండాలనే కదా దాన్ని కొన్నది!"